దెబ్బతిన్న అల్యూమినియం కెనూ: ఇంటి దగ్గర మరమ్మతు

కెనూ అంటే రెండు కొనలూ కోసుగా, పైభాగం తెరిచి ఉండే తేలికపాటి పడవ. నడిపేవాళ్లు ముందువైపు చూస్తూ కూర్చుని, ఒక చివరే పలక ఉన్న తెడ్డుతో నీటిని వెనక్కి తోస్తారు. పైన మూత ఉండి, రెండు చివర్లా పలకలున్న తెడ్డు వాడితే అది కయాక్. కెనూను చెట్టు బెరడుతో, కర్రతో, కాన్వాసుతో, ఫైబర్‌తో, ప్లాస్టిక్‌తో చేశారు, చేస్తున్నారు. అల్యూమినియం కెనూ వయసు సుమారు 80 ఏళ్లు. రాళ్లకు కొట్టుకుని నలిగినా, వాహనం మీంచి జారి మడతపడినా, ఏళ్ల తరబడి పెరట్లో పడి ఉండి రివెట్లు వదులైనా, నీళ్లు కారకుండా తిరిగి తేలేట్టు చేయడానికి వీలున్న పడవ ఇది. ఆ పనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రేకు పని తెలిసిన చెయ్యి కావాలి, ఓపిక కావాలి, ఎక్కడ నిప్పు పెట్టకూడదో తెలిసి ఉండాలి. హైదరాబాద్‌లో, అందులోనూ మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి ఉన్న సైబరాబాద్ వైపున ఈ పని ఎలా సాగుతుందన్నది ఈ వ్యాసం విషయం.

విమానం నుంచి పడవకు

అల్యూమినియం కెనూ పుట్టింది పడవలు చేసే చోట కాదు, విమానాల కర్మాగారంలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా నౌకాదళానికి హెల్‌క్యాట్ యుద్ధవిమానాలు చేసిన సంస్థ గ్రమ్మన్. దాని ఉపాధ్యక్షుల్లో ఒకరైన విలియం హాఫ్‌మన్ 1944లో న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరాండాక్ కొండల్లో సెలవులు గడుపుతూ, కర్రమీద కాన్వాసు కప్పిన కెనూను ఒక సరస్సు నుంచి మరో సరస్సుకు భుజాన మోసుకెళ్లారు. ఆ బరువు మోస్తుండగానే, విమానానికి వాడే రేకుతో ఇదే పడవ చేస్తే ఎంత తేలికవుతుందన్న ఆలోచన వచ్చింది. 1945లో తయారీ మొదలైంది. యుద్ధం ముగిసి విమానాల గిరాకీ పడిపోయిన ఆ రోజుల్లో, రెక్కలకు రివెట్లు కొట్టిన చేతులకు పడవల రూపంలో పని దొరికింది. కెనూల తయారీని 1952లో అదే రాష్ట్రంలోని మారథాన్ అనే చిన్న ఊరికి తరలించారు.

తయారీ పద్ధతి కూడా విమానానిదే. రేకును రెండు చివర్లా పట్టి, అచ్చు మీద సాగదీసి, పడవ సగం ఆకారం తెస్తారు. అలాంటి రెండు సగాలను అడుగున వెన్ను వెంబడి రివెట్లతో కలుపుతారు. రేకు మందం మామూలు రకంలో 1.27 మిల్లీమీటర్లు, తేలిక రకంలో 0.8 మి.మీ. ఆకారం వచ్చాక వేడిచేసి గట్టిపరుస్తారు. లోపల పక్కటెముకల్లాంటి బద్దలు, పైన అంచు పట్టీలు, ఆ అంచులను కలుపుతూ అడ్డపట్టీలు, రెండు కొనల్లో తేలడానికి నురుగు దిమ్మలు. 17 అడుగుల కెనూ 30 నుంచి 35 కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు సులువుగా ఎత్తుకోగలరు. అమెరికాలో వేసవి శిబిరాలకూ, సరస్సుల ఒడ్డున పడవలు అద్దెకిచ్చే చోట్లకూ కొన్ని దశాబ్దాలపాటు ఇదే అచ్చమైన పడవ. దాన్ని ఎవరూ సున్నితంగా చూసుకోలేదు, అది ఓర్చుకుంది.

ఈ పుట్టుక గుర్తుంటే మరమ్మతులో సగం తప్పులు జరగవు. పగిలిన రేకును చూడగానే చాలామందికి వెల్డింగ్ గుర్తొస్తుంది. విమానాలు చేసేవాళ్లకు మాత్రం అతుకు, రివెట్టు గుర్తొస్తాయి. ఈ పడవ విషయంలో సరైనది రెండోదే.

మన నీళ్లు, మన రేకు పని

కెనూ మన నీళ్లలో పుట్టినది కాదు. కృష్ణ, తుంగభద్రల మీద వెదురు బద్దలతో అల్లి తారు పూసిన గుండ్రటి పుట్టి, కొల్లేరులో తాటి మానును తొలిచిన దోనె, ఉప్పాడ తీరంలో తెప్ప, గోదావరిలో నావ మన పడవలు. వీటన్నిటికీ తమవైన మరమ్మతులు ఉన్నాయి. పుట్టి అడుగు చిరిగితే కొత్త గుడ్డ వేసి తారు పూస్తారు. కర్రపడవ సందుల్లో నూలు దట్టించి గుగ్గిలం పట్టిస్తారు. కోరంగి, తాళ్లరేవు ప్రాంతాల వడ్రంగులు ఆ పనిని తరాలుగా చేస్తున్నారు. పడవను పారేయడం మన నదుల మీద ఎప్పుడూ ఆఖరి మాటే.

హైదరాబాద్ దగ్గర తెడ్డు పట్టే నీళ్లూ ఉన్నాయి. హుస్సేన్‌సాగర్ మీద ఏటా వానాకాలంలో తెరచాప పడవల పోటీలు జరుగుతాయి. వికారాబాద్ జిల్లా కోటిపల్లి జలాశయంలో కయాకింగ్ పేరు తెచ్చుకుంది. ఇక హైటెక్ సిటీ ఒడిలోనే దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండకు నీళ్లిచ్చిన ఆ చెరువు మీద 2020 సెప్టెంబరులో తీగల వంతెన తెరిచారు. దాని చుట్టూ ఉన్నవన్నీ గ్రానైట్ బండలు, తెలంగాణ చెరువుల్లో నీటి అడుగున దాగి ఉండేవీ అవే. అల్యూమినియానికి గ్రానైట్ మంచి చుట్టం కాదు. ప్లాస్టిక్ పడవ బండ మీద జారిపోతే, మెత్తని అల్యూమినియం బండను పట్టుకుని ఆగిపోతుంది. అడుగున పడే గీతలు, వెన్ను దగ్గర సొట్టలు ఎక్కువగా అలా వచ్చినవే. సొంత పడవను ఏ చెరువులో దించాలన్నా ఆ చెరువును చూసే ప్రభుత్వ శాఖ అనుమతి ముందే తీసుకోవాలి.

ఈ నగరంలో కెనూలు అరుదు గానీ అల్యూమినియం పని తెలిసినవాళ్లు అరుదు కాదు. 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ తర్వాత లేచిన అద్దాల మేడల్లో అద్దాలను పట్టి ఉంచే చట్రం అల్యూమినియమే. కిటికీలు, పార్టిషన్లు చేసే దుకాణం ఆ చుట్టుపక్కల ప్రతి కాలనీలో ఉంటుంది. అక్కడ దొరికే సెక్షన్లు ఎక్కువగా 6063 రకం మిశ్రమానివి. విరిగిన అడ్డపట్టీకి, అంచు పట్టీకి అవి చక్కగా పనికొస్తాయి. బాలానగర్ పారిశ్రామికవాడలో రేకు కోసి వంచే చిన్న వర్క్‌షాపులు లెక్కలేనన్ని. పనిముట్ల తయారీలో శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ సీఐటీడీ 1968 నుంచి అక్కడే ఉంది. రాణిగంజ్‌లో రివెట్లు, డ్రిల్ బిట్లు, సుత్తులు దొరుకుతాయి. కారు సొట్టలు తీసే డెంటింగ్ మేస్త్రి లేని పేట లేదు. ఆదిభట్లలో టాటా సంస్థలు సీ-130జే విమానాల తోక భాగాలను, అపాచీ హెలికాప్టర్ల బాడీలను తయారు చేస్తున్నాయి. హాఫ్‌మన్ పడవకు జన్మనిచ్చిన రివెట్టు పనే, మరింత సూక్ష్మంగా, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన రోజూ జరుగుతోంది. పడవ కొత్తదే కావచ్చు, దానికి కావాల్సిన పనితనం మాత్రం ఈ ఊరిదే.

అసలు చిక్కు స్థలం. అయిదు మీటర్ల పైగా పొడవున్న పడవ అపార్టుమెంటు లిఫ్టులో పట్టదు, మెట్ల మలుపు తిరగదు. కాబట్టి ఇంటి మరమ్మతంటే సైబరాబాద్‌లో సెల్లార్ పార్కింగులోనో, ఇండిపెండెంట్ ఇంటి పోర్టికోలోనో, ఊరి బయట తెలిసినవాళ్ల ఖాళీ ప్లాటులోనో సాగే పని. రేకు మీద సుత్తి దెబ్బ మద్దెలలా మోగుతుంది. పడవ అడుగున ఇసుక మూటలు, పాత పరుపు పెడితే చప్పుడు సగానికి తగ్గుతుంది, రేకుకూ మేలు.

లోహం స్వభావం

తెలంగాణలో దీన్ని సిల్వర్ అంటారు, కొన్నిచోట్ల సత్తు అంటారు. సిల్వర్ గిన్నెలో చింతపండు పులుసు నిలవ ఉంచకూడదని, ఊరగాయ అసలే పెట్టకూడదని ప్రతి ఇంట్లో తెలుసు. ఈ లోహం గురించి ముఖ్యమైన సంగతి ఆ జాగ్రత్తలోనే ఉంది. అల్యూమినియం గాలి తగలగానే తన మీద తానే ఒక పల్చని ఆక్సైడ్ పొర కప్పుకుంటుంది. లోపలి లోహాన్ని కాపాడేది ఆ పొరే. పులుపు ఎక్కువైనా క్షారం ఎక్కువైనా ఆ పొర కరుగుతుంది. పీహెచ్ సుమారు 4 నుంచి 9 మధ్య ఉన్నంతవరకు అది నిలుస్తుంది. మంచినీటి చెరువులో రంగు వేయని పడవ కూడా దశాబ్దాలు బతకడానికి కారణం ఇదే.

క్షారమంటే వాషింగ్ సోడా ఒక్కటే కాదు. తడి సిమెంటు, సున్నం కూడా క్షారాలే. ఎటు చూసినా కట్టడాలు లేస్తున్న సైబరాబాద్‌లో ఇది పట్టించుకోవాల్సిన సంగతి. కొత్తగా గచ్చు చేసిన నేల మీద పడవను నేరుగా బోర్లించి వానాకాలమంతా వదిలేస్తే, నేల తగిలిన చోటల్లా తెల్లటి పొడి రాలి, దాని కింద గుంటలు పడతాయి. రెండు చెక్క దుంగల మీదో, పాత టైర్ల మీదో పెడితే ఆ బెడద ఉండదు.

ఇంకో స్వభావం, దెబ్బ కొద్దీ గట్టిపడడం. రేకును ఎంత వంచితే అంత బిరుసెక్కుతుంది, ఒక హద్దు దాటాక పగులుతుంది. సిల్వర్ తీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుందో చిన్నప్పుడు అందరూ చూసిందే. పడవ మీద ఒకసారి పడిన సొట్ట రేకును ఒకసారి వంచింది, దాన్ని తీయడం రెండోసారి వంచడం. అందుకే తక్కువ దెబ్బలతో, నెమ్మదిగా తీయాలి. అద్దంలా నునుపు తేవాలన్న పట్టుదలతో వందసార్లు కొట్టిన చోటు, చిన్న సొట్ట మిగిలిన చోటు కంటే బలహీనం.

మూడోది వేడి. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఇనుములా ముందుగా ఎర్రబడి హెచ్చరించదు, ఉన్నట్టుండి చేతిలో జారిపోతుంది. దాని మీది ఆక్సైడ్ పొర కరగడానికి మాత్రం 2,000 డిగ్రీలు దాటాలి. లోపల లోహం నీరైపోయినా పైన పొర సంచిలా పట్టి ఉంచుతుంది. కొత్తగా వెల్డింగ్ నేర్చుకునేవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు.

దెబ్బను చదవడం

సుత్తి ఎత్తేముందు ఒక రోజంతా పడవను చూడడానికే కేటాయించడం మంచిది. ముందు లోపలా బయటా మెత్తటి సబ్బుతో కడిగి ఆరబెట్టాలి. తర్వాత ఒక కొన నుంచి ఇంకో కొనకు దారం గట్టిగా లాగి కట్టి, వెన్ను పైకి వంగిందో కిందికి కుంగిందో చూడాలి. కొనల దగ్గర నిలబడి అంచు పట్టీలను కంటి చూపుతో కలిపి చూస్తే పడవ మెలిక తిరిగిందో లేదో తెలుస్తుంది. ప్రవాహంలో బండకు అడ్డంగా ఇరుక్కుని నీళ్లు నిండిన పడవ నడుము దగ్గర చుట్టుకుపోతుంది. అలాంటిది కూడా తిరిగి నీటికెక్కుతుంది, అంచు పట్టీలు రెండూ ఒకేచోట తెగి ఉండకపోతే. రెండూ తెగి, వెన్ను కూడా విరిగితే ఇంటి పని కాదు.

దెబ్బల్లో మూడు రకాలున్నాయి. గుండ్రటి సొట్ట రేకును లోపలికి నెట్టిందే గానీ పెద్దగా సాగదీయలేదు, దాన్ని తీయొచ్చు. పదునైన మడతలో రేకు గీత వెంబడి సాగి బిరుసెక్కింది. దాన్ని సరిచేయొచ్చు గానీ గీత మిగులుతుంది. పగులు, చిరుగు అంటే రేకు తెగింది, దానికి అతుకు తప్పదు. మడతలో దాక్కున్న పగులు చాలాసార్లు గీతలాగే కనిపిస్తుంది. గోరు పెట్టి లాగితే గోరుకు తగులుకునే గీతలన్నిటినీ అనుమానించాలి.

అనుమానం తీర్చుకోవడానికి వర్క్‌షాపుల్లో వాడే పాత పద్ధతి ఒకటుంది. బయటివైపు గీత మీద సుద్దపొడి నీళ్లలో కలిపి పల్చగా పూసి ఆరనివ్వాలి. లోపలివైపు కిరోసిన్ గుడ్డతో అద్దాలి. పగులు ఉంటే కాసేపట్లో తెల్లటి సుద్ద మీద సన్నటి నల్లని తడిచార లేస్తుంది. కిరోసిన్ నీటికంటే సన్నని సందుల్లోకి పాకుతుంది. విమాన భాగాల పరీక్షలో రంగు ద్రవం, తెల్లపొడి వాడి చేసే డై పెనిట్రెంట్ పరీక్ష సూత్రం కూడా ఇదే. తర్వాత కిరోసిన్ ఆనవాలు లేకుండా తుడవాలి, లేకపోతే సీలెంట్ పట్టదు.

వదులైన రివెట్లకు నీళ్ల పరీక్ష చాలు. పడవను నాలుగైదు టైర్ల మీద నిలిపి, లోపల అయిదు సెంటీమీటర్ల లోతు నీళ్లు పోయాలి. అంతకు మించి పోస్తే వందల కిలోల బరువు పడి, వెన్ను ఆనిన చోట కొత్త సొట్టలొస్తాయి. కారే ప్రతి చుక్క దగ్గర స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టాలి. పాత పడవలో పదులకొద్దీ గుర్తులు పడితే గుండె జారనక్కర్లేదు. ఎక్కువభాగం వెన్ను వెంబడి ఒకే వరుసలో ఉంటాయి, ఒకే పూటలో తేలిపోతాయి.

సొట్ట తీయడం

వరుస ముఖ్యం. ముందు అంచు పట్టీలు, తర్వాత వెన్ను, చివరగా పక్కల సొట్టలు. అస్థిపంజరం వంకరగా ఉండగా చర్మం సరిచేస్తే, అస్థిపంజరం కదిలినప్పుడు చర్మం మళ్లీ ముడుచుకుంటుంది. వంగిన అంచును రెండు చెక్కల మధ్య బిగించి, కారు జాకీతో మెల్లగా తోయాలి. రేకు కొంచెం వెనక్కి స్ప్రింగులా వస్తుంది కాబట్టి కావలసినదానికంటే ఒక వేలెడు ఎక్కువ తోసి వదలాలి.

పెద్ద గుండ్రటి సొట్టకు సుత్తి కూడా అక్కర్లేదు. లోపలినుంచి ఇసుక మూట ఆనించి మోకాలితో నొక్కితే ఫట్ మని బయటికి తన్నుకొచ్చేవి ఉంటాయి. రానివాటికి చెక్క సుత్తి, రబ్బరు సుత్తి వాడాలి. ఇనుప సుత్తి మొనదెబ్బ ఒక్కటి పడితే పది చిన్న సొట్టలు పుడతాయి. బయట ఇసుక మూట ఆనిస్తూ, లోపలినుంచి సొట్ట అంచున మొదలుపెట్టి, సుడి తిరుగుతున్నట్టు మధ్యకు రావాలి. మధ్యలో మొదలుపెడితే అక్కడి రేకు సాగిపోతుంది. సాగిన రేకుకు పోవడానికి చోటు ఉండదు, ఒకవైపు నొక్కితే ఇంకోవైపు డొక్కులా ఎగురుతుంది. ఇక అది ఎప్పటికీ కుదురుకోదు. బేగంబజార్ గిన్నెల సొట్టలు తీసే చేతులకు, కార్ల డెంటింగ్ మేస్త్రులకు ఈ వరుస ఒకరు చెప్పనక్కర్లేదు. ఒక పూట కూలి ఇచ్చి అలాంటి మేస్త్రిని పక్కన పెట్టుకోవడం, పది వీడియోలు చూడడం కంటే మేలని నా అభిప్రాయం.

అతుకు, రివెట్టు

పగులుకు మొదటి చికిత్స దాన్ని ఆపడం. పగులు కొనలు కంటికి కనిపించినదానికంటే కొంచెం ముందుకు పాకి ఉంటాయి. రెండు కొనల దగ్గరా 3 మి.మీ. రంధ్రం వేస్తే, కొన దగ్గర పోగుపడే ఒత్తిడి గుండ్రటి అంచు మీద పరుచుకుని పగులు అక్కడితో ఆగుతుంది. ఈ చిన్న రంధ్రం వేయకుండా పైన ఎంత మంచి అతుకు వేసినా, దాని కిందుగా పగులు నడుస్తూనే ఉంటుంది.

అతుకు రేకు పడవ మందానికి సమానంగా ఉండాలి, అదే జాతి మిశ్రమమైతే ఇంకా మంచిది. కంతను అన్ని వైపులా కనీసం 30 మి.మీ. దాటి కప్పాలి. మూలలు గుండ్రంగా కత్తిరించి, అంచులు ఆకురాయితో పల్చబరచాలి. చదునుగా తెచ్చిన ముక్కను చెక్క సుత్తితో పడవ వంపుకు సరిపోయేలా మలుచుకోవాలి. రివెట్లు లాగితే వంపు అదే వస్తుందనుకోవడం పొరపాటు, వదులుగా మిగిలిన సందులోంచే నీళ్లొస్తాయి. అతుకును లోపలివైపు వేస్తే అడుగు నునుపుగా ఉంటుంది. బయటివైపు వేస్తే నీటి ఒత్తిడే దాన్ని పడవకు అదుముతుంది గానీ బండలకు తగులుకుంటుంది. మన చెరువులకు లోపలి అతుకే తగినది.

రివెట్టు లెక్క విమానాల పుస్తకాల్లోనిదే. రివెట్టు లావు రేకు మందానికి మూడింతలు. 1.27 మి.మీ. రేకుకు సుమారు 4 మి.మీ. రివెట్టు. రంధ్రం మధ్య నుంచి రేకు అంచుకు కనీసం రెండు లావులు, అంటే 8 మి.మీ. ఉండాలి. అంతకంటే దగ్గరైతే అంచు చిరుగుతుంది. రివెట్టుకూ రివెట్టుకూ మధ్య 20 మి.మీ. దూరం ఉంటే నీళ్లు ఆగుతాయి. రెండు రేకులూ దాటి బయటికి ఒకటిన్నర లావు, 6 మి.మీ. కాడ మిగలాలి. కొట్టాక ఆ కాడ నలిగి 6 మి.మీ. వెడల్పు, 2 మి.మీ. ఎత్తున్న బొడిపెగా మారితే రివెట్టు కుదిరినట్టు.

పని జరిగే తీరు ఇది. ముందు అతుకును బిగించి నాలుగు మూలలా రంధ్రాలు వేసి, తాత్కాలికంగా బోల్టులతో పట్టించి, మిగతా రంధ్రాలు రెండు రేకుల్లోంచి ఒకేసారి వేయాలి. తర్వాత అతుకు విప్పి, రంధ్రాల అంచున లేచిన ముళ్లను పెద్ద బిట్టుతో చేత్తో తిప్పి తీసేయాలి. ఈ ముళ్లు మిగిలితే రేకులు ఒకదానికొకటి ఆనవు. స్టీలు ఉన్నితోనో, మామూలు ఇనుప బ్రష్షుతోనో రుద్దకూడదు. ఇనుప రేణువులు అల్యూమినియంలో గుచ్చుకుని తుప్పు చుక్కలు పుట్టిస్తాయి. స్టెయిన్‌లెస్ బ్రష్షు, అది కూడా ఈ పనికే వేరుగా ఉంచింది వాడాలి. శుభ్రం చేసి, పాలీయూరిథేన్ సీలెంట్ పల్చగా పరిచి, అతుకు పెట్టి, రివెట్లు దూర్చాలి.

ఇక్కడ ఇద్దరు కావాలి. బయట ఒకరు రివెట్టు తలకు సరిపోయే గుంట ఉన్న పనిముట్టు ఆనించి కొడతారు. లోపల ఇంకొకరు రెండు కిలోల నునుపైన ఉక్కు దిమ్మను కాడ చివరకు గట్టిగా ఆనించి పట్టుకుంటారు. దెబ్బ బయట పడుతుంది, బొడిపె లోపల తయారవుతుంది. దిమ్మ పట్టినవాళ్ల చేతికి ప్రతి దెబ్బా తెలుస్తుంది. కాడ మెత్తగా నలుగుతున్నంతసేపు దిమ్మ కొద్దికొద్దిగా ముందుకు కదులుతుంది, కుదరగానే గట్టిగా గంటలా మోగుతుంది. అక్కడ ఆపాలి. ఇంకో రెండు దెబ్బలు వేస్తే రివెట్టు బిరుసెక్కి చిట్లుతుంది. మొదటి నాలుగైదు పాడవుతాయి, వాటిని పాత రేకు ముక్కల మీద పాడుచేసుకోవడం మంచిది. సీలెంట్ అంచుల చుట్టూ సన్నటి వరుసగా ఉబికితే ఎక్కడా సందు లేదని నమ్మొచ్చు.

ఒక్కరే పనిచేయాల్సి వస్తే పాప్ రివెట్లు ఉన్నాయి. కిటికీల దుకాణాల్లో దొరికే మామూలు పాప్ రివెట్టు మధ్యలో బోలుగా ఉంటుంది, నీళ్లు దాని గుండానే కారతాయి. చివర మూసి ఉండే రకం అడిగి తీసుకోవాలి. లోపలి పుల్ల కూడా అల్యూమినియమే అయి ఉండాలి, ఇనుప పుల్ల వద్దు. అదే దుకాణంలో సీలెంట్ పేరుతో ఇచ్చే వెనిగర్ వాసన సిలికాన్ కూడా పడవకు కాదు. అది ఆరుతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, దాని మీద ఏ రంగూ నిలవదు, మరోసారి మరమ్మతు చేయాలంటే పూర్తిగా గీకి తీయడం నరకం.

వదులైన పాత రివెట్లను తీయనక్కర్లేదు. దిమ్మ ఆనించి తలమీద రెండు మూడు దెబ్బలు వేస్తే తిరిగి బిగుస్తాయి. రంధ్రం అరిగి పెద్దదైనప్పుడే పాతది తొలిచి, ఒక సైజు లావైనది వేయాలి.

ఆర్గాన్ వెల్డింగ్ సంగతి

అల్యూమినియం వెల్డింగ్‌ను వర్క్‌షాపుల్లో ఆర్గాన్ వెల్డింగ్ అంటారు. మంచి పనివాళ్ల చేతిలో అతుకు అందంగా వస్తుంది. అయినా గట్టిపరిచిన రేకు విషయంలో ఆ అందం మోసం. 6061-టీ6 వంటి మిశ్రమం బలం వేడితో తెచ్చుకున్నది. వెల్డింగ్ వేడి తగిలిన పట్టీలో ఆ బలం సుమారు సగానికి పడిపోతుంది. అతుకు నిలుస్తుంది, దాని పక్కన వేలెడు దూరంలో కొత్త పగులు పుడుతుంది. కర్మాగారంలోలా పడవ మొత్తాన్ని మళ్లీ కొలిమిలో పెట్టి గట్టిపరచడం ఇంట్లో కుదరదు. పాత పడవ ఏ మిశ్రమానిదో తెలియనప్పుడు గట్టిపరిచిన రకమే అనుకుని నడుచుకోవడం క్షేమం. 5052 వంటి రకం రేకుతో చేసిన పడవలకు, విరిగిన అడ్డపట్టీ కొసలకు ఆర్గాన్ పనికొస్తుంది. గ్యాసు మంటతో అంటించే తక్కువ వేడి కడ్డీలు ఇత్తడి బిందెలకు వేసే మాటులాంటివే. సూదిమొన కంతలకు సరే, ఒత్తిడి పడేచోట వద్దు.

సన్న కంతలకు ఎపాక్సీ మంచిది, ఒక చిట్కా పాటిస్తే. గీకిన వెంటనే ఆక్సైడ్ పొర మళ్లీ కప్పుకుంటుంది, ఎపాక్సీ దాన్ని పట్టుకుని తర్వాత పెచ్చుగా ఊడుతుంది. కాబట్టి ముందు పల్చగా ఎపాక్సీ పూసి, ఆ తడి కిందే ఎమరీ కాగితంతో రుద్దాలి. గాలి తగిలే వీలుండదు, ఎపాక్సీ నేరుగా లోహాన్ని పడుతుంది. హైదరాబాద్ మే నెల ఎండలో కలిపిన ఎపాక్సీ డబ్బా మీద రాసిన సమయంలో సగానికే గడ్డకడుతుంది. తెల్లవారుజామున, కొద్దికొద్దిగా కలుపుకోవాలి.

పూత

బయట రంగు తప్పనిసరి కాదు. వేయాలనుకుంటే ముందు అల్యూమినియానికి పట్టే ఎచ్ ప్రైమర్ ఉండాలి. రాగి కలిసిన రంగులు, రాగి వాషర్లు, ఇత్తడి మరలు దగ్గరికి రానీయకూడదు. తడిలో రెండు లోహాలు ఆనితే బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తాయి. స్టెయిన్‌లెస్ బోల్టు తప్పకపోతే నైలాన్ వాషర్ వేయాలి. లోపలివైపు మాత్రం మసకరంగు వేయడం మన ఎండలకు అవసరం. మెరిసే రేకు కళ్లలో గుచ్చుతుంది, మధ్యాహ్నానికి మోకాలు ఆనించలేనంత కాలుతుంది.

ఇంతకీ ఈ మరమ్మతు శ్రమంతా ఎందుకు, పాత సామాన్ల బండికి వేస్తే కిలోల లెక్కన డబ్బులొస్తాయి కదా అని అడిగేవాళ్లుంటారు. అల్యూమినియం తుక్కు వృథా కాదు, దాన్ని కరిగించడానికి కొత్త లోహం తీయడానికయ్యే శక్తిలో సుమారు 5 శాతం చాలు. కానీ ఆ 30 కిలోలు తొలిసారి లోహంగా మారడానికి సుమారు 120 కిలోల బాక్సైటు తవ్వారు, 400 యూనిట్లకు పైగా కరెంటు కాల్చారు. అరకు, చింతపల్లి కొండల్లో బాక్సైటు కోసం ఎంత గొడవ జరిగిందో తెలిసిన మనకు ఆ అంకె బరువు తెలుసు. తుక్కులో లోహం మిగులుతుంది, పడవ మిగలదు.

తేలడం

చివరి పని కొనల్లోని నురుగు. అల్యూమినియం నీటికంటే 2.7 రెట్లు బరువు. బోల్తాపడిన పడవ మునగకుండా ఆపేది ఆ దిమ్మలే. పాత నురుగు నీళ్లు పీల్చి బరువెక్కి ఉంటుంది, చేత్తో నొక్కితే నీళ్లు కారతాయి. దాన్ని పూర్తిగా తీసేసి, నీళ్లు పీల్చని మూసిన గదుల నురుగు పలకలు కోసి దట్టంగా అమర్చాలి. లెక్క సులువు. 30 కిలోల పడవ లోహం ఆక్రమించే చోటు 11 లీటర్లు. అంటే నీటిలో దాని బరువు 19 కిలోలు. ఒక్కో లీటరు నురుగు దాదాపు ఒక కిలోను మోస్తుంది. పడవ ఒక్కటీ తేలడానికి 20 లీటర్లు చాలు, దాన్ని పట్టుకుని వేలాడే ఇద్దరి కోసం కనీసం అంతకు రెట్టింపు ఉండాలి. లైఫ్ జాకెట్ దీనికి వేరుగా, ప్రతి మనిషికీ.

నీటికి మొదటిసారి తీసుకెళ్లినప్పుడు ఎక్కి తెడ్డు పట్టే ముందు, నడుము లోతు నీళ్లలో నిలబడి పడవను కావాలని ముంచాలి. నిండా నీళ్లు నింపి, అంచు మీద ఇద్దరూ బరువు వేసి, ఒక నిమిషం పట్టుకుని వదలాలి. రెండు కొనలూ సమంగా, అరచెయ్యి ఎత్తున నీటిపైకి లేచి నిలవాలి. ఒక కొన కిందికి జారితే ఆ వైపు నురుగు చాలలేదని అర్థం, ఒడ్డుకు తెచ్చి ఇంకో నాలుగు పలకలు కూరాలి. సమంగా లేస్తే నీళ్లు తోడేసి, ఎండలో ఆరబెట్టి, స్కెచ్ పెన్ను గుర్తుల్లో ఎక్కడైనా తడి మిగిలిందేమో వేలితో తడిమి చూసుకోవాలి.